మీ వ్యూహపత్రంలో సరిహద్దు కోడళ్ళకి చోటుందా? – ఒక బహిరంగ లేఖ

దక్షిణ ఒడిశాలో పనిచేస్తున్న అంతర్జాతీయ అభివృద్ధి కార్యాలయ అధిపతి గారికి, లింగ సమానత్వ వ్యూహం రాస్తున్న బృంద సభ్యులకు,

నమస్కారం.

వచ్చే అయిదేళ్ళకి మీ కార్యాలయం లింగ సమానత్వ వ్యూహం సిద్ధం చేస్తోందని, భాగస్వామ్య సంస్థల అభిప్రాయాలు అడుగుతోందని తెలిసింది. ఆ ప్రశ్నావళి మా చేతికీ వచ్చింది. శిక్షణ, చైతన్యం, సాధికారత గురించి అందులో ప్రశ్నలు బోలెడున్నాయి. పట్టా ఎవరి పేర ఉంది, ఓటీపీ ఎవరి ఫోనుకొస్తుంది, ఆంధ్ర నుంచి సరిహద్దు దాటి వచ్చిన కోడలి రేషన్ కార్డు ఏ రాష్ట్రంలో ఉంది అని మాత్రం ఎక్కడా అడగలేదు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పల్లెల్లో స్వయం సహాయక బృందాల లెక్కలు రాసేవాళ్ళం, మత్స్యకార మహిళలతో పనిచేసేవాళ్ళం, అటవీ హక్కుల దరఖాస్తులు నింపిపెట్టేవాళ్ళం, ప్రాజెక్టుల మదింపు చేసేవాళ్ళం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మీరిచ్చే ప్రతి హామీ పక్కనా ఎవరు చేస్తారు, ఏ పద్దు కింద, ఎప్పటిలోగా అన్న మూడు గడులుండాలి. వాటిని నింపలేని హామీని పత్రంలోంచి తీసేయాలి. మేం చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇలాంటి పత్రాల మొదటి పేజీలు ఎలా ఉంటాయో తెలిసిందే. స్త్రీలపై వివక్షను తొలగించే 1979 నాటి ఒడంబడిక, దాన్ని భారతదేశం 1993లో ఆమోదించడం, 1995 బీజింగ్ సభ, 2015లో వచ్చిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో అయిదోది. ఉండాల్సినవే. ఒక్క పేజీలో సర్దేయొచ్చు. ప్రతి కార్యక్రమంలోనూ లింగ సమానత్వ దృష్టి ఉండాలని 1997లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలి చెప్పింది. మంచి మాటే. కానీ అది అందరి బాధ్యతా అయ్యేసరికి ఎవరి పద్దులోనూ లేకుండా పోయింది. వ్యూహంలో గట్టిగా ఉన్న మాట ప్రతిపాదనలో మెత్తబడుతుంది, బడ్జెట్‌లో సన్నబడుతుంది, పల్లెకొచ్చేసరికి మార్చి 8న ముగ్గుల పోటీగా మిగులుతుంది.

మీ నిధులకి సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ పద్ధతిలో గుర్తులు వేస్తారు కదా. సమానత్వమే ప్రధాన ఉద్దేశమైతే 2, ముఖ్యమైన ఉద్దేశాల్లో ఒకటైతే 1, కాకపోతే 0. ఆచరణలో దాదాపు అన్నీ 1 దగ్గర గుమిగూడతాయి, ఎందుకంటే ప్రతిపాదన రాసినవాళ్ళే గుర్తూ వేస్తారు. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు. 1 వేయాలన్నా ముందు స్త్రీ పురుషుల పరిస్థితి మీద విశ్లేషణ జరిగి ఉండాలి, దాన్నిబట్టి ప్రాజెక్టు రూపం మారి ఉండాలి, సమానత్వానికి సంబంధించి కనీసం ఒక స్పష్టమైన లక్ష్యం ఉండాలి, దానికి సూచిక ఉండాలి, లెక్కలు ఆడ మగ విడివిడిగా తీయాలి. తాగునీటి ప్రాజెక్టులో ‘నీళ్ళు మోసే శ్రమ తగ్గి మహిళలకి లాభం’ అని ఒక వాక్యం చేర్చినంత మాత్రాన 1 రాదు. కుళాయి ఏ వీధిలో పెట్టాలో ఎవరు తేల్చారు, మోటారు పాడైతే మిస్త్రీకి డబ్బిచ్చే ఖాతా మీద సంతకం ఎవరిది అని చూసినప్పుడే వస్తుంది. అందుకని గుర్తు వేసే పని ప్రతిపాదనతో సంబంధం లేని రెండో మనిషికి అప్పగించండి. ఆమోదం ముందు ఒకసారి, సగంలో ఒకసారి, ముగిశాక ఒకసారి వేయండి. విశ్లేషణ జత చేయని ప్రతిపాదనకి సున్నా వేసి పక్కన పెట్టండి. ఒకటి రెండు ప్రతిపాదనలు అలా వెనక్కి వెళ్తే చాలు, మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి.

ఇక విశ్లేషణ సంగతి. మా నాలుగు జిల్లాల్ని ‘దక్షిణ ఒడిశా’ అని ఒకే గాటన కట్టొద్దు. 2011 జనాభా లెక్కల్లో స్త్రీల అక్షరాస్యత గంజాంలో దాదాపు 61 శాతం, గజపతిలో 43, రాయగడ, కోరాపుట్‌లలో 39 చొప్పున. నాలుగింటికీ ఒకే లక్ష్యం పెడితే గంజాం రోడ్డు పక్క ఊళ్ళతోనే లక్ష్యం నిండిపోతుంది, కొండల్లోకి ఎవరూ వెళ్ళరు. అవే లెక్కల్లో రాయగడలో వెయ్యి మంది మగవాళ్ళకి 1,051 మంది ఆడవాళ్ళున్నారు. ఆ అంకె చూపించి ‘ఇక్కడ వివక్ష తక్కువ’ అనే నివేదికలూ వస్తుంటాయి. ఆడపిల్లని బతకనిచ్చిన ఊరు ఆడమనిషికి భూమి కూడా ఇచ్చిందని దాని అర్థం కాదు. ఇంకో చిన్న జాగ్రత్త: గజపతి జిల్లాలో రాయగడ పేరుతో ఒక బ్లాకుంది, పక్కనే రాయగడ పేరుతో జిల్లా ఉంది. కంప్యూటర్లో పేరు మాత్రమే చూసి పట్టికలు కలిపితే ఒకదాని లెక్క ఇంకోదాంట్లో పడుతుంది. జనగణన కోడ్ నంబరుతోనే కలపండి.

మా దృష్టిలో ఇక్కడ చూడాల్సినవి మూడు నేలలు: తీరం, మైదానం, కొండ.

తీరంలో గంజాం వాడబలిజ, జాలరి పల్లెల్ని తీసుకోండి. పడవ ఒడ్డుకి రాగానే చేప వేలంపాట మొదలవుతుంది. పాటలో కొనడం, ఉప్పు పట్టించడం, ఆరబెట్టడం, తట్ట నెత్తినెత్తుకుని బజారుకి చేర్చడం ఎక్కువగా ఆడవాళ్ళ పనే. వలకీ ఇంజినుకీ అప్పిచ్చిన షావుకారుకి మంచి చేప ముందే వెళ్ళిపోతుంది, మిగిలిందే పాటకొస్తుంది. చేతిలో పెట్టుబడి లేని ఆడమనిషి దాన్ని రోజు వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొంటుంది. పొద్దున్న తొమ్మిది వందలు తీసుకుని సాయంత్రానికి వెయ్యి కట్టే లాంటి వడ్డీ అది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆగుతుంది. ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా వేరే ఆంక్షలుంటాయి. వేట ఆగినప్పుడు తట్ట కూడా ఆగుతుంది. కానీ సాయం పట్టీని పడవ, వల, సముద్రంలోకి వెళ్ళే మనిషి ఆధారంగా తయారుచేస్తే తట్ట మోసే మనిషి అందులో ఉండదు. మీ ప్రాజెక్టుకి లబ్ధిదారుల్ని మత్స్యకార సంఘం రిజిస్టరులోంచి తీయకండి. వారం పాటు వేర్వేరు రోజుల్లో పాట జరిగేచోట నిలబడి ఎవరు కొంటున్నారో పేర్లు రాసుకోండి.

సామాన్లిచ్చేటప్పుడూ ఇదే వరస. ‘మహిళా చేపల విక్రేతలకి సాయం’ అని పెద్ద పెద్ద ఐసు పెట్టెలిస్తారు. మన వేడికి చేప ఎంతో ఐసూ అంత వేయాలి కాబట్టి వంద లీటర్ల పెట్టె నిండితే ఇద్దరాడవాళ్ళు కూడా లేపలేరు. నెల తిరిగేసరికి అది ఇంట్లో బియ్యం పెట్టెగా మారుతుంది. యాభై లీటర్లదైతే ఇద్దరు పట్టుకుని ఆటోలోకి ఎక్కించగలరు. చేప తట్టంటే బస్సువాళ్ళు ఎక్కనివ్వరు, కాబట్టి పెట్టె కన్నా ముందు నలుగురైదుగురు కలిసి కట్టుకునే ఆటో ఒప్పందం కుదర్చాలి. ఎండు చేపకి ఇసుక అంటితే ధర పడిపోతుంది. నడుం ఎత్తున వెదురు తడికలు వేయించండి. తడిక వేసిన జాగా ఎవరిదో ముందే రాయించుకోకపోతే మరుసటేడు అక్కడ వలలు ఆరతాయి.

మైదానంలో కథ వేరు. గంజాం మగవాళ్ళు సూరత్ మరమగ్గాలకి వెళ్తారు, చేను ఇంటి దగ్గరున్న ఆడమనిషి చూస్తుంది. భూమి ఖాతా మామగారి పేర ఉంటుంది. సొసైటీలో ధాన్యం అమ్మే టోకెను ఆ పేరు మీదే వస్తుంది, పంట రుణమూ అంతే. దుక్కి, ఊడ్పు, కోత చేయించిన మనిషి కల్లం దగ్గర దళారీకి తక్కువకి ఇచ్చేస్తుంది. ‘మహిళా రైతులు’ అని మీ సూచికలో రాసేటప్పుడు భూమి ఉన్న మహిళ అనుకుంటే ఈవిడ లెక్కలోకి రాదు. చేను ఎవరు చూస్తున్నారో చూసి రాస్తే వస్తుంది. నిర్వచనంలో ఒక్క వాక్యం తేడా, లబ్ధిదారులు మాత్రం సగం మంది మారిపోతారు.

కొండల్లో సవరలు, కోంధులు. కొండచీపుర్లు, చింతపండు, అడ్డాకులు, జీడిపిక్కలు సంతకి మోసేది ఆడవాళ్ళే, తూకం వేసేది బయటి వ్యాపారి, అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారని ఒప్పుకోవాలి. అటవీ హక్కుల చట్టం 2006 నాలుగో సెక్షను ప్రకారం పెళ్ళైనవాళ్ళకి హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరా రావాలి. గ్రామసభలో సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి, అటవీ హక్కుల కమిటీలోనూ మూడో వంతు వాళ్ళే. కాయితం మీద ఇంత బలమున్నా జారిపోయేదెక్కడంటే, హక్కుపత్రంలో ఇద్దరి పేర్లూ ఉంటాయి గానీ దాన్ని తహసీల్ రికార్డులోకి ఎక్కించేటప్పుడు ఒక్క పేరే ఎక్కుతుంది. ఆ తర్వాత బ్యాంకైనా వ్యవసాయ శాఖైనా చూసేది రికార్డునే. మీ భాగస్వాములు ‘ఇన్ని ఉమ్మడి పట్టాలు’ అని లెక్క చూపిస్తే హక్కుపత్రం నకలుతో పాటు రికార్డు నకలూ అడగండి. వితంతువులవి, పెళ్ళికాని పెద్ద వయసు ఆడపిల్లలవి విడిగా లెక్కపెట్టించండి. ఆ దరఖాస్తులే ముందు పక్కనపడతాయి.

ఇక్కడే ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. ఆస్తిహక్కుల శిక్షణకి ఒకే పుస్తకం అచ్చేసి అన్ని ఊళ్ళలోనూ పంచుతారు. అందులో 2005 హిందూ వారసత్వ సవరణ ప్రకారం కూతురికి సమాన వాటా అని ఉంటుంది. ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప మూల హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకి వర్తించదని దాని రెండో సెక్షనులోనే ఉంది. సవర ఊళ్ళో ఆ పుస్తకం పట్టుకుని తహసీల్ ఆఫీసుకెళ్ళిన అమ్మాయిని వాళ్ళు తిప్పి పంపుతారు, శిక్షణిచ్చినవాళ్ళ మాట మరి ఆ ఊళ్ళో చెల్లదు. కొండకి అటవీ హక్కులు, షెడ్యూల్డ్ ప్రాంత భూబదలాయింపు నిబంధనలు, తెగ పెద్దలతో మాట్లాడే పద్ధతి ఉన్న వేరే పుస్తకం కావాలి.

ఇప్పుడు సరిహద్దు. మీ పత్రంలో దీనికి విడిగా ఒక అధ్యాయం ఉండాలని మా గట్టి అభిప్రాయం. ఒడిశాలోని పర్లాకిమిడికి ఆంధ్రలోని పాతపట్నం ఎంత దూరమో, ఇటు బరంపురానికి అటు ఇచ్ఛాపురం ఎంత దూరమో మీ పటంలోనే ఉంది. వియ్యాలు ఎప్పటినుంచో అటూ ఇటూ నడుస్తున్నాయి. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి గజపతి జిల్లాకి కోడలుగా వస్తుంది. ఆమె పేరు పుట్టింటి రేషన్ కార్డులోనే ఉంటుంది, ఆధార్ చిరునామా ఆంధ్రాది, బ్యాంకు ఖాతా అక్కడిది, చదువు సర్టిఫికెట్ తెలుగులో ఉంటుంది. 2024 సెప్టెంబరులో మొదలైన సుభద్ర పథకంలో 21 నుంచి 60 ఏళ్ళ లోపు అర్హులైన ఒడిశా మహిళలకి అయిదేళ్ళలో 50,000 రూపాయలు, ఏడాదికి రెండు విడతలుగా ఇస్తున్నారు. రావాలంటే ఒడిశా నివాసి అయ్యుండాలి, ఆధార్‌తో ముడిపడిన ఖాతా తన ఒక్కరి పేరా ఉండాలి. కోడలికి ఆ కాయితాలు కుదిరేలోపు అక్కడ పుట్టింటి కార్డు నుంచి పేరు తీసేస్తారు, ఇక్కడ ఎక్కదు. రెండు ప్రభుత్వాల పట్టీల్లోనూ లేని ఆడవాళ్ళు అలా తయారవుతారు. దేశంలో ఎక్కడైనా రేషన్ తీసుకునే ఏర్పాటు బియ్యానికి పనికొస్తుంది గానీ, రాష్ట్ర పథకాలకి నివాస రుజువుగా పనికిరాదు.

దీనికి మందు ఉపన్యాసం కాదు. ప్రతి సరిహద్దు బ్లాకులోనూ తెలుగు, ఒడియా రెండూ చదవగలిగిన ఒక కాయితాల సహాయకురాలు కావాలి. పని వరుస ఇది: ముందు పెళ్ళి రిజిస్ట్రేషన్, తర్వాత ఆధార్ చిరునామా మార్పు, తర్వాత కొత్త ఖాతా, దానికి ఆధార్ జత. పుట్టింటి రేషన్ కార్డులోంచి పేరు తీయించే పత్రం చివరన తెచ్చుకోవాలి, ముందు తెచ్చుకుంటే మధ్యలో తిండి ఆగుతుంది. పంచాయతీ సర్పంచ్ సంతకం ఒకటి రెండు చోట్ల అవసరం పడుతుంది. ఒడిశా పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలవే అయినా ముద్ర మాత్రం భర్త జేబులో ఉన్న ఊళ్ళున్నాయి, సహాయకురాలికి అది కూడా తెలిసుండాలి. కుల ధ్రువీకరణ విషయంలో ఆశ పెట్టొద్దు. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగ లేదా కులంగా ఉన్న హోదా పెళ్ళితోనో వలసతోనో రెండో రాష్ట్రానికి రాదు. ఆ మాట మొదటి రోజే చెప్పేయాలి.

కూలీ కూడా సరిహద్దు చూసే నడుస్తుంది. 2025-26లో ఉపాధి హామీ రోజు కూలి ఒడిశాలో 273 రూపాయలు, ఆంధ్రలో 307. ప్రైవేటు పనికీ ఆ తేడా ఉంటుంది, అందుకే ఆడ కూలీలు పొద్దున్నే అటు దాటుతారు. ‘ఊళ్ళో మహిళలు సమావేశాలకి రావడంలేదు, ఆసక్తి లేదు’ అని రాసే క్షేత్ర నివేదికల్లో ఎక్కువ భాగానికి కారణం ఇదే. దాడి జరిగినా సరిహద్దే అడ్డు: ఘటన అటు, మనిషి ఇటు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర ప్రక్రియ చట్టంలో ఏ స్టేషన్లోనైనా పరిధితో పనిలేకుండా ఫిర్యాదు నమోదు చేయాలని స్పష్టంగా ఉంది. మీ భాగస్వాముల సిబ్బందికి ఆ సెక్షను నంబరు, 173, నోటికి రావాలి. మహిళా సహాయ నంబరు 181కి ఈ ఊళ్ళనుంచి ఫోను చేస్తే ఏ రాష్ట్రం కేంద్రానికి కలుస్తుందో ఊరూరా ముందే చేసి చూసి రాసిపెట్టుకోండి. రాత్రి పదకొండింటికి ప్రయోగం చేసే పని కాదది.

హింస గురించి ఇంకో మాట. సర్వేలో ఆ ప్రశ్నలు పెట్టాలని ఉత్సాహం చూపిస్తారు. 2001 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ భద్రతా సూచనలు పాటించలేకపోతే పెట్టొద్దు: ఇంటికి ఒక్క మనిషినే అడగాలి, ఏకాంతం లేకపోతే ఆపేయాలి, అడిగే మనిషికి ప్రత్యేక శిక్షణ ఉండాలి, సాయం ఎక్కడ దొరుకుతుందో చూపించగలగాలి. హింసకి గురైన ఆడవాళ్ళకి సాయమందించే సఖి కేంద్రం జిల్లా కేంద్రంలో ఉంటుంది, కొండ ఊరికి సగం రోజు ప్రయాణం. ఆ బస్సు ఖర్చు, తోడు వెళ్ళే మనిషి కూలి మీ బడ్జెట్‌లో లేకుండా ప్రశ్న మాత్రం అడగడం తప్పు.

డబ్బు చేతికి రావడం అన్న మాటని కూడా కొంచెం దగ్గరగా చూడండి. జీడిపిక్కలు కాల్చి, కొట్టి, పలుకు తీసే పనిలో పెంకులోంచి నూనె కారుతుంది. చర్మాన్ని కాల్చే నూనె అది. బూడిదో, ఇంకో నూనో రాసుకుని చేస్తారు గానీ వేళ్ళ చివర్లు నల్లబడి, పొట్టు రేగి, గీతలు చెరిగిపోతాయి. కూలి కిలోల లెక్కన వస్తుంది కాబట్టి తొడుగులు వేసుకుంటే వేగం తగ్గి డబ్బు తగ్గుతుంది, వేసుకోరు. ఆ వేళ్ళతో ఊళ్ళో బ్యాంకు తరఫున డబ్బిచ్చే బ్యాంకు మిత్ర దగ్గరికెళ్తే వేలిముద్ర యంత్రం ఒప్పుకోదు. రెండుమూడుసార్లు తిప్పి పంపాక భర్త ‘నా ఫోను నంబరిచ్చెయ్, ఓటీపీతో నేను తీస్తా’ అంటాడు. ఖాతా ఆమెదే, మీ నివేదికలో ‘మహిళ ఖాతాకి నగదు’ అని ఉంటుంది, డబ్బు ఇంకొకరు తీస్తారు. ముఖం చూపించి గుర్తింపు ఇచ్చే పద్ధతి ఉంది, ఏ బ్యాంకు మిత్ర దగ్గర పనిచేస్తుందో చూసి అక్కడికే పంపండి. ఆమె పేరనున్న సిమ్‌తో ఖాతా జత చేయించండి. తొడుగుల విషయం కూలి రేటుతో కలిపి మాట్లాడాలి, ఊరికే పంచితే సంచిలోనే ఉంటాయి. సూచిక ఇలా రాయండి: గత నెలలో తన ఖాతాలోంచి తానే స్వయంగా డబ్బు తీసుకున్న మహిళలు నూటికి ఎంతమంది. అప్పుల విషయం కూడా ఇంతే. మహిళ పేర ఇచ్చిన సూక్ష్మరుణం ఎక్కువైతే విజయం అనుకోవద్దు. ఆ డబ్బు ఇంజినులో ఉంటుంది, కిస్తీ మాత్రం తట్టలోంచి పోతుంది. మొత్తం ఇంటి కిస్తీలు నెల ఆదాయంలో సగం దాటకూడదని 2022 రిజర్వు బ్యాంకు నిబంధన. దాటుతున్న ఇళ్ళెన్నో చూడండి.

సమయం లెక్క కూడా వేయండి. 2024 జాతీయ కాలవినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు దానికి పెడుతున్నారు. మీ ప్రతి కార్యక్రమానికీ నిమిషాల పద్దుండాలి, ఎంత కలిపారు, ఎంత తీశారని. సమావేశం, పుస్తకం, శిక్షణ అన్నీ కలిపేవే. తీసేవాటిల్లో ఇక్కడ బాగా పనిచేసేది చోళ్ళు (రాగులు), సామలు పట్టే యంత్రం. 2017లో మొదలైన ఒడిశా మిల్లెట్స్ మిషన్‌తో పంట వైపు ఊపొచ్చింది గానీ దంచుడు పని ఆడవాళ్ళ మీదే ఉంది. త్రీఫేజు కరెంటు లేని కొండపల్లెకి త్రీఫేజు మోటారు పంపకండి, సింగిల్ ఫేజుతో నడిచే చిన్నదే చాలు. మీటరు బృందం పేర తీసుకోండి, గది తాళం ఆడవాళ్ళ దగ్గరుండాలి, జల్లెడ, బెల్టు విడిభాగాలు రెండో జత ఇవ్వండి. యంత్రం ఆగేది ఎక్కువగా బెల్టు దగ్గరే, బాగుచేసే మనిషి రాయగడ నుంచో గుణుపురం నుంచో రావాలి.

సంప్రదింపులు ఎలా చేయాలో చెప్పకపోతే పైన చెప్పినవేవీ మీకు వినపడవు. గుంపుకి ఎనిమిది నుంచి పన్నెండు మంది, గంటన్నర దాటకూడదు. అత్తలు, కోడళ్ళు విడిగా. బృందం అధ్యక్షురాళ్ళు, సభ్యులు విడిగా, లేకపోతే మాట్లాడేది అధ్యక్షురాలొక్కతే. తెలుగు పల్లెలో ఒడియా టీచర్ని దుబాసీగా పెడితే ఆవిడ ముందు ఎవరూ అప్పుల సంగతి చెప్పరు. కొండలో సవర, కోంధుల కుయి భాష మాట్లాడే ఆడమనిషే అడగాలి. ఊడ్పుల జులై, ఆగస్టులు, జీడి, చింతపండు ఏరే ఫిబ్రవరి నుంచి మే వరకు, సంత రోజులు వదిలేయండి. తీరంలో వేట నిషేధం రోజులు మగవాళ్ళతో మాట్లాడటానికి మంచివి, ఆడవాళ్ళతో విడిగా కూర్చోవడానికి కావు. ముప్పై మంది వస్తే రోజు కూలి నష్టం 2025-26 ఉపాధి కూలి 273 చొప్పున 8,190 రూపాయలు, పిల్లల్ని చూసే ఇద్దరికి ఇంకో 546. ఏ బడ్జెట్‌లోనూ ఇది కనపడదు. ట్రాన్స్‌జెండర్లని, వికలాంగ మహిళల్ని ‘ఇతరులు’ అన్న గడిలో పడేయకుండా వాళ్ళ దగ్గరికే వెళ్ళండి.

మీ ఇంటి సంగతులు కూడా రెండు ముక్కలు. లింగ సమానత్వ బాధ్యురాలిగా కొత్తగా చేరిన అమ్మాయిని పెట్టి, అసలు పనికి అదనంగా చూసుకోమనడం ఆనవాయితీ. ఆ బాధ్యత మధ్యస్థాయి అధికారికి ఇవ్వండి. పనివేళలో కనీసం సగం దానికే కేటాయించండి. ప్రాజెక్టుల ఆమోద సమావేశంలో ఆమె సంతకం లేకుండా ఫైలు కదలకూడదు. పనిచోట లైంగిక వేధింపుల 2013 చట్టం ప్రకారం సిబ్బంది పదిమంది గానీ అంతకు మించి గానీ ఉంటే అంతర్గత కమిటీ మీకే ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళ, సభ్యుల్లో సగం మంది మహిళలు, బయటి సభ్యులు ఒకరు. ఫిర్యాదుకి మూడు నెలలు, విచారణకి 90 రోజులు. పదిమంది లేని మీ చిన్న భాగస్వాముల సిబ్బందికి జిల్లా స్థాయి స్థానిక కమిటీయే దిక్కు. ఆ కమిటీ అసలు పనిచేస్తోందో లేదో ఒప్పందం మీద సంతకం చేసేముందే కలెక్టరేట్‌లో కనుక్కోండి.

‘స్థానిక మహిళా సంఘాలకి నేరుగా నిధులు’ అని రాయాలని ఉంటుంది. రాసేముందు విదేశీ విరాళాల చట్టం చూడండి. 2020 సవరణ తర్వాత విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకి మళ్ళించకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్ళ ఉనికి, ఆ మూడేళ్ళలో పదిహేను లక్షల ఖర్చు చూపాలి. మా తీరప్రాంతపు మహిళా సంఘాల్లో అంత లెక్క చూపగలిగినవి అరుదు. మీరు ఐక్యరాజ్యసమితి సంస్థ అయితే విదేశీ మూలం కిందకి రారు, దారి తేలిక. కాకపోతే సంఘాలకి నిధులిచ్చే బదులు సంఘ సభ్యులకి సేవల రుసుముగా, సామాన్లకి దుకాణానికి నేరుగా చెల్లించే పద్ధతిని న్యాయ సలహాదారుతో ముందే రాయించుకోండి. లింగ సమానత్వ నిపుణురాలి జీతం ఏ పద్దులో పడుతుందో కూడా అప్పుడే తేల్చుకోండి. పరిపాలన పద్దులో పడితే మొదట కోత పడేది దానికే.

గడువు విషయానికొస్తే, ఇదంతా తొమ్మిది నెలల పని: మూడు నెలలు మీ పాత ప్రాజెక్టుల తనిఖీ, మూడు నెలలు మూడు నేలల విశ్లేషణ, రెండు నెలలు ముసాయిదా, ఒక నెల దాన్ని ఊళ్ళకి తిరిగి తీసుకొచ్చి చదివి వినిపించడం. ఆ చివరి నెలని ఎవరూ ఉంచరు. ఉంచండి. ముసాయిదా ఇంగ్లీషు, ఒడియాలతో పాటు తెలుగులో రెండు పేజీలు, సవరలో చెప్పిన రికార్డింగు ఒకటి ఉంటే చాలు. రెండున్నరేళ్ళకి మదింపు పెట్టండి, ఆ మదింపుకి డబ్బు ఇప్పుడే విడిగా తీసిపెట్టండి.

మొదటి చర్చకి ఛత్రపురం దగ్గర ఒక తీరపల్లె, కాశీనగర్ బ్లాకులో ఒక మైదాన ఊరు, గుమ్మ బ్లాకులో ఒక సవర ఊరు సూచిస్తున్నాం. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర మధ్య పెట్టండి, కారు ఊరి బయటే ఆపండి, బ్యానరు వద్దు. దుబాసీలుగా వచ్చేవాళ్ళ పట్టీ, సంత రోజుల పట్టీ మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మీ బృందం తేదీలు చెబితే పంపుతాం.

ఇట్లు,
గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పల్లెల క్షేత్ర కార్యకర్తలు, స్వయం సహాయక బృందాల లెక్కల నిర్వాహకులు